భూమి కింది స్తంభాలు

మా చర్చిలో భూమి చదునుగా ఉంటుందని నమ్మేవాళ్లు ఒక్కరూ లేరు. ఈ ముక్క ముందే చెప్పేయడం నయం. ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా సగంలోనే పకపకా నవ్వి, "ఇంకా గసుంటోళ్లున్నరా?" అంటారు. లేరు. మాది మందమర్రి, బొగ్గుబావుల్లో పనిచేసేవాళ్ల ఊరు. రాకెట్టు ఎగిరే వీడియో పెడితే తప్ప ముద్ద మింగని పిల్లలున్న ఇళ్లు మావి. మా గొడవ భూమి ఎలా ఉందన్నది కాదు, బైబిల్ రాసిన కాలంవాళ్లు భూమి ఎలా ఉందనుకున్నారన్నది. ఇంత చిన్న తేడా దగ్గర నేను పడ్డ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నేను ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, సెలవు దొరికినప్పుడు వస్తాడు. అమ్మను మేం అవ్వంటాం, నాన్నను బాపంటాం. అవ్వ పోయాక నేను బాపు దగ్గరే ఉంటున్నాను. బాపు శ్రీరాంపూర్ వైపు బావుల్లో పనిచేసి రిటైరైన మనిషి. బావిలోకి దిగడం మానేశాక ఆయనకు ఉన్నదల్లా చర్చే. సంఘంలో పెద్ద ఆయన. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంటుంది. యేసు శిష్యులతో కలిసి చివరిసారి తిన్న భోజనాన్ని తలుచుకుంటూ తలా ఒక రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడిచేది బాపే. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్నే పాస్టరు అనుకుంటారు. అంత నెమ్మదిగా, అంత గౌరవంగా నడుస్తాడు.

అసలు పాస్టరుగారిని మేం అయ్యగారంటాం. ఆయనది హుస్నాబాద్ దగ్గర పల్లె. మామూలుగా మాట్లాడితే అచ్చం మనలాగే "ఏందమ్మా, మంచిగున్నరా" అంటారు గానీ, మైకు చేతికొస్తే చాలు, నోట్లో గోదావరి జిల్లా దిగుతుంది. అయ్యగారికి ఇష్టమైన ప్రసంగం ఒకటుంది. సైన్సు నిన్నగాక మొన్న కనిపెట్టినవన్నీ మన గ్రంథం ఎప్పుడో చెప్పేసిందన్నది దాని సారం. భూమి గుండ్రమన్నది అందులో మొదటిది. దేవుడు భూమండలం మీద కూర్చున్నాడని యెషయా అన్నాడు, శూన్యం మీద భూమిని వేలాడదీశాడని యోబు అన్నాడు, "అప్పటికి దుర్బిణి ఉందా? ఆమెన్?" అంటారు. అందరం ఆమెన్ అంటాం. నేనూ అనేదాన్ని. ఆమెన్ అనడానికి ఆలోచించే అలవాటు మా చర్చిలో ఎవరికీ లేదు.

ఆ ప్రసంగాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మా సంఘం చిన్నది. కాలనీలో మావాళ్లను చూసి, "మీ దేవుడు ఆరు దినాలు జేసి ఏడోనాడు పండుకున్నడట గదా, మాకు ఆదివారం గూడ డ్యూటీనే" అని ఆటపట్టించేవాళ్లు ఉంటారు. మనసులో ఏదో పెట్టుకుని అనే మాటలు కావు, షిఫ్టు దిగి చాయ్ తాగుతూ అనేవే. కానీ రోజూ వినేవాళ్లకు అవి గుచ్చుకుంటాయి. ఆ ప్రసంగం విన్న ఆదివారం మా మగవాళ్లు కొంచెం ఛాతీ విరుచుకుని బయటికి వచ్చేవారు. అందుకైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు బైబిల్ బడి పెడతాం. ఆ ఏడు సృష్టి పాఠం నాకిచ్చారు. టీచర్‌నన్న పొగరు నాకు లేదని చెప్పను, ఉంది. బడిలో ప్రాచీన నాగరికతలు చెప్పేటప్పుడు బాబిలోనియా వాళ్లు, ఈజిప్టు వాళ్లు లోకాన్ని ఎలా ఊహించుకున్నారో చెప్తుంటాను. ఒకసారి ఆదికాండం మొదటి అధ్యాయం మళ్లీ చదువుతుంటే, ఇదీ అలాంటి లోకమే కదా అని తట్టింది. కింద నీళ్లు, మధ్యలో నేల, పైన గట్టి కప్పులాంటి ఆకాశం, ఆ కప్పు పైన మళ్లీ నీళ్లు. జలప్రళయంలో ఆకాశపు తూములు తెరుచుకోవడం. నేలకు కొసలు, కింద స్తంభాలు. మనం చదివే బంతి భూమి అందులో ఎక్కడా ఇమడలేదు. నాకైతే భయం వేయలేదు, ముచ్చటేసింది. అంత పాతకాలం మనుషులు వాకిట్లో నిలబడి తలెత్తి చూసినప్పుడు కనబడింది అదే కదా అనిపించింది. నాకు కలిగిన ఆ ముచ్చట పిల్లలకూ కలగాలని ఒక బొమ్మ తయారుచేశాను.

బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోశాను. అది అగాధం. అందులో స్టీలు గ్లాసులు బోర్లించాను, అవి స్తంభాలు. వాటి మీద రొట్టెలు చేసే గుండ్రటి పీట, భూమి. పీట మీద ఆకుపచ్చ గుడ్డ, బొమ్మ ఆవులు. పైన అన్నం గిన్నెల మీద ఈగలు వాలకుండా బోర్లించే ప్లాస్టిక్ మూత. కాల్చిన సూదితో ఆ మూతకు చిల్లులు పెట్టాను. అవి ఆకాశపు తూములు. చెంబుతో పైనుంచి నీళ్లు పోస్తే ఆవుల మీద వాన. పిల్లలు కేకలు పెట్టారు. ఇంకా, ఇంకా అన్నారు. ఆవులన్నీ తేలిపోయేదాకా పోశాను. చివర్లో వాళ్లకు చెప్పాను: "ఇది దేవుడు చేసిన తీరు కాదు, గా కాలం మనుషులకు కనవడ్డ తీరు. దేవుడు వాళ్లకు తెలిసిన భాషల, తెలిసిన లోకంల నిలవడే వాళ్లతోని మాట్లాడిండు." ఆ మాటకు నాకు నేనే మురిసిపోయాను.

చర్చిలో నా పక్కన కూర్చునే అక్క ఒకావిడ ఉంది. మంచి మనిషి, ఏది చూసినా ఫోను తీస్తుంది. పిల్లల సంబరం చూసి ఆమె వీడియో తీసి స్టేటస్ పెట్టింది. అందులో నేను "భూమి పీటలెక్క చదునుగ ఉంటది, కింద కంబాలు, పైన మూత" అంటున్నాను, నీళ్లు పోస్తున్నాను. అక్కడికి ఆగిపోయింది. నేను మురిసిపోయిన మాట అందులో లేదు.

మర్నాడు పొద్దున బాపు చాయ్‌కి పోయి తొందరగా తిరిగొచ్చాడు. చాయ్ తాగలేదట. ఎందుకంటే చెప్పడు. తరవాత అక్క చెప్పింది. హోటల్ దగ్గర పాత దోస్తులు, "ఏం పెద్దమనిషీ, మీ భూమి రొట్టెల పీటనటగా! గట్లయితే మనం ఇన్నేండ్లు పీట కింద బొగ్గు తవ్వినమా?" అని నవ్వారట. నాకు ముందు నవ్వొచ్చింది. నిజంగానే మంచి హాస్యం అది. బాపు ముఖం చూశాక నవ్వు పోయింది.

"బాపు, నేను ఉన్నదే చెప్పిన. పూరాగ చూస్తే వాళ్లకే తెలుస్తుండె," అన్నాను.

"నవ్వితే నవ్వనీ. గా నవ్వుల ఫికర్ లేదు నాకు," అన్నాడు. "బిడ్డా, కింద పైకప్పు కూలకుంట మేం బొగ్గునే కంబాల లెక్క ఇడిసిపెడుతుంటిమి. దిగినప్పుడల్లా గా కంబం మీద చెయ్యి పెట్టి, భూమి స్తంభాలు నీ వశమే ప్రభువా అనుకుంట పనిల జొచ్చేటోన్ని. బైబిల్ల హన్నా చేసిన ప్రార్థనల ఉన్నది గద గా మాట. గా మాట వట్టుకొనే పైకొచ్చిన రోజులున్నయ్. నువ్వేమో గ్లాసులు బోర్లిచ్చి సూపెట్టినవ్."

తరగతి గదిలో అయితే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

ఆ సాయంత్రం అయ్యగారు ఇంటికొచ్చారు. కోపంగా రాలేదు, బాధగా వచ్చారు. అది మరీ కష్టం. చాయ్ ఇచ్చాను. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. మన గ్రంథంల భూమి చదునుగ ఉందన్న మాట యాడుంది చెప్పు," అన్నారు. అప్పుడైనా తగ్గొచ్చు కదా! నా నోరు నా మాట వినదు.

"చదును అన్న మాట లేదయ్యగారు. కానీ మూత లేకపోతే పైన నీళ్లెట్ల ఆగుతయి? తూములు తెరిచిండంటే దేనికి తూములు?"

"యెషయా భూమండలం అన్నడు గదా."

"పళ్లెం గూడ గుండ్రమే గద అయ్యగారు."

"శూన్యం మీద వేలాడదీసిండని యోబు గ్రంథంల సాఫ్‌గ ఉన్నది."

"గదే యోబుల భూమి కంబాలు అదురుతయని గూడ ఉన్నది. రెండూ పాటలే. పాట కట్టెటాయన ఒక దిక్కు వేలాడదీసిండంటడు, ఇంకో దిక్కు కంబాలంటడు. గది సైన్సు పాఠం కాదు గద."

నేను గెలిచాను. గెలిచినట్టు ఆయన ముఖంలో కనబడింది, పక్కన బాపు ముఖంలోనూ కనబడింది. ఇద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. అంత చేదు గెలుపు నేనెప్పుడూ ఎరగను. అయ్యగారు చాయ్ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, "సంఘం ముంగట తప్పైందని ఒప్పుకునేదాక బల్లకు ఆగమ్మా," అని లేచారు.

బల్లకు ఆగడమంటే బయటివాళ్లకు తెలియకపోవచ్చు. తప్పు చేశాడని తేలిన మనిషి చర్చికి రావచ్చు, పాడొచ్చు, కానుక వేయొచ్చు. రొట్టె, రసం మాత్రం ముట్టకూడదు. పళ్లెం వరుసలోకి వచ్చినప్పుడు ఆ మనిషిని దాటి పక్కవాళ్ల దగ్గరికి పోతుంది. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాళ్లకు, ఇంకొకరి సంసారంలో వేలు పెట్టినవాళ్లకు పడే శిక్ష అది. నేను వాళ్ల వరుసలోకి చేరాను, రొట్టెల పీట పుణ్యమా అని.

మొదటి ఆదివారం వచ్చింది. ఆడవాళ్ల వైపు చాప మీద, నెత్తిన కొంగు కప్పుకుని ఎప్పటి చోటే కూర్చున్నాను. రాకపోతే భయపడ్డానంటారని పంతం. పాట పాడుతున్నారు. బాపు పళ్లెం పట్టుకుని ముందు వరుస నుంచి వస్తున్నాడు. ఒక్కొక్కరి ముందు వంగుతున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన పాదాలు నా కళ్ల ముందు ఆగాయి. తలెత్తలేదు నేను. గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తరవాత ఆ పాదాలు అక్క ముందుకు జరిగాయి. నా వెనక ఎవరో పాట ఆపేశారు. వాళ్ల చూపు నా మీదే ఉందని తెలుస్తూనే ఉంది. చదువు చెప్పే మనిషిని, పెద్ద పిల్లల్ని గద్దించే మనిషిని, కొంగు ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. ఆ సిగ్గు నాది మాత్రమే అయితే భరించేదాన్ని. నా తండ్రి చేత్తో నన్ను దాటించడం భరించలేకపోయాను.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, బాపు ముఖం చూసినవా? సంఘానికి పెద్ద అన్నంక సొంత ఇల్లు చక్కబెట్టుకున్నోడై ఉండాలెనని వాక్యం. మిగిలిన పెద్దలు అడుగుతుండ్రు. గిట్లనే నడిస్తే గా పళ్లెం ఇంకొకలకు ఇయ్యక తప్పది," అన్నారు. బెదిరింపులా అనలేదు. నిజంగానే ఆయన మీద ఒత్తిడి ఉన్నట్టుంది.

బాపు చేతిలోంచి పళ్లెం పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. అవ్వ పోయిన వారమే ఆయన చర్చికి వచ్చి పళ్లెం పట్టాడు. ఆ రోజు ఆయన్ను నిలబెట్టింది అదే. ఇప్పుడు నా పాండిత్యం కోసం అది పోవాలా? మా ఆయనకు ఫోను చేస్తే, "ఒక్క మాట తప్పైందంటే నీ భూమి ఏమన్న పగుల్తదా? అనేసెయ్, లొల్లి ఒడుస్తది," అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది.

తరవాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును మనిషి సంఘం ముందు చెప్పుకోవడం. ఎవరూ మధ్యలో ఆపరు, ఎవరూ ఎదురు అడగరు. చెప్పింది నిజమని నమ్మడమే మా పద్ధతి. మైకు పట్టుకుని, "బైబిల్‌లో భూమి చదునుగా ఉన్నట్టు ఉందని నేను పిల్లలకు తప్పు చెప్పిన. వాక్యంల గట్ల లేదు. చదువుకున్న గర్వంతోని చెప్పిన. దేవుడు నా కళ్లు తెరిచిండు," అన్నాను. ఆఖరి మాట ఎవరూ అడగలేదు. ఊపులో నేనే కలిపాను. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యగారు నా కోసం ప్రార్థన చేశారు. అక్క నన్ను కావలించుకుంది. తేలికైపోయింది ఒళ్లంతా. మొగవాళ్ల వైపు చూశాను. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు, ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను.

ఇంటికొచ్చి కోడికూర వండాను. పండగలా ఉంది నాకు. బాపు పళ్లెం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ అడిగాడు.

"గా మాట నీ మనసుల నిజంగ మారిందా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన దగ్గర మంచి పేరు కొట్టేయాలన్న ఆశ ఒకటి ఉంది కదా నాకు. "లేదు బాపు. నీ పళ్లెం పోవద్దని అన్న," అన్నాను.

చెయ్యి ఆగింది. "నా కోసం అన్నవా?"

"నీ కోసమే."

"మైకు వట్టుకొని, దేవుడు నా కళ్లు తెరిచిండని, నా కోసం అన్నవా?"

"ఒక్క మాటే గద బాపు."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఎదురు కోప్పడి బతికిపోయేదాన్ని. "నువ్వు చెప్పింది తప్పనే ఇప్పటికి గూడ నా మనసుల ఉన్నది బిడ్డా," అన్నాడు. "గా కంబాలు ఉత్తగ అనుకున్నయంటే నాకు మింగుడు వడదు. గానీ నువ్వు ఉన్నదే చెప్పిన అన్నవ్ గద, నిజమనుకొనే చెప్పిందని ఊకున్న. నిన్ను దాటిపోయిన్నాడు మస్తు సిగ్గయింది. సిగ్గయితె అయింది, నా బిడ్డ తనకు నిజమనిపిచ్చిన దాని కోసమే బల్లకు ఆగింది, దొంగ మాట ఆడలే అన్న ధైర్నం ఒక్కటి ఉండె. గిప్పుడు గదీ లేదు. గది గూడ నా పేరు మీద."

తరవాత అన్నం తిన్నాడు. కూర బాగుందని కూడా అన్నాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నేను చేసిన పని అయ్యగారికి చెప్పలేదు, చెప్పమని నాకూ చెప్పలేదు. నేనే వెళ్లి చెప్తాననుకుంటూ ఒక్కో రోజూ గడిపాను. మళ్లీ మైకు పట్టుకుని, మొన్న చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పాలి. భూమి చదునన్నందుకు నవ్వినవాళ్లు అప్పుడు నవ్వరు. ఆ ఊహకే వెనక్కి తగ్గాను. ఇప్పటికీ వెళ్లి చెప్పలేదు.

మళ్లీ మొదటి ఆదివారం. పళ్లెం పట్టుకుని వచ్చింది బాపు కాదు, ఇంకో పెద్దమనిషి. ఆరాధనకు ముందే బాపు అయ్యగారి దగ్గరికి పోయి, "నాకు యోగ్యత లేదయ్యా, ఇంకొకలకు ఇయ్యుండ్రి," అన్నాడట. ఎందుకని అడిగితే చెప్పలేదట. మొగవాళ్ల వైపు గోడకు ఆనుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. అందరూ చూస్తున్నారు, బల్లకు తిరిగొచ్చిన మనిషిని కదా. రొట్టె ముక్క తీసుకున్నాను, గిన్నె తీసుకున్నాను, తాగాను. పళ్లెం మొగవాళ్ల వైపు పోయింది. చివరి వరుసకు చేరింది. బాపు తీసుకోలేదు. రెండు చేతులతో దాన్ని పక్కమనిషి వైపు జరిపి, తల వంచుకున్నాడు.

మా దగ్గర తనంతట తానే ఆగిపోయిన మనిషిని ఎవరూ నోరు తెరిచి అడగరు. పెద్ద తప్పేదో ఉందని మాత్రం అందరికీ అర్థమవుతుంది. వరుసల్లో తలలు దగ్గరికి జరిగాయి. ఎవరో వేలితో చూపించారు. పక్కనున్న అక్క నా చెవి దగ్గరికి వంగి, "ఏం తప్పు జేసిండే మీ బాపు, గీ వయసుల?" అని మెల్లగా అడిగింది.

"తెల్వదక్కా," అన్నాను.